బాయిలోకి కొత్త మనిషి

తెల్లవారింది. బొగ్గు బాయి మీద సైరన్ మోగింది. మొదటి షిఫ్టు కార్మికులు ఒక్కొక్కరే వస్తున్నారు. కొందరు నడిచి వస్తున్నారు. కొందరు బండ్ల మీద వస్తున్నారు. చేతుల్లో సద్ది గిన్నెలున్నాయి.

వాళ్లలో ఒక కుర్రవాడు ఉన్నాడు. అతని బూట్లు కొత్తవి. తల మీది టోపీ కొత్తది. దాని మీద ఇంకా బొగ్గు మరక పడలేదు. ఇవాళ అతను మొదటిసారి బాయిలోకి దిగుతున్నాడు.

అతనికి భయంగా ఉంది. కానీ ఆ మాట ఎవరితోనూ అనలేదు. నవ్వుతారేమోనని సిగ్గుపడ్డాడు.

పక్కన నడుస్తున్న పెద్దాయన అడిగాడు.

"ఏం తమ్మీ, కొత్తనా?"

"అవునన్నా."

"భయమైతుందా?"

"లేదన్నా."

పెద్దాయన నవ్వాడు. "అబద్ధం చెప్పకు. నేను దిగబట్టి ముప్పై ఏండ్లాయె. నాకే ఇంకా భయముంటది. భయమున్నోడే పైకి చూస్తడు. పైకి చూసినోడే ఇంటికి పోతడు."

కుర్రవాడు నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. ఈ పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

ఇలాంటి కుర్రవాళ్లు సింగరేణి గనుల్లో ఎందరో ఉన్నారు. తండ్రి ఆరోగ్యం చెడి ఉద్యోగం మానితే, ఆ చోట కొడుకు చేరతాడు. తండ్రి చనిపోతే బిడ్డో, భార్యో చేరుతుంది. అందరికీ మొదటి రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు అంతా కొత్తే. చీకటి కొత్త, మాటలు కొత్త, మనుషులు కొత్త. మరి కొత్త మనిషి బాయి మనిషి ఎలా అవుతాడు?

బాయి అంటే ఏమిటి?

సింగరేణి కార్మికులు బొగ్గు గనిని 'బాయి' అంటారు. ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు ఉన్నట్టు కనుగొన్నారు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరు 23న ఏర్పడింది. నేడు ఈ గనులు కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి వంటి చోట్ల ఉన్నాయి.

గనులు రెండు రకాలు. భూమిని పైనుంచి తవ్వుకుంటూ పోయేవి ఓపెన్‌కాస్టు గనులు. భూమి లోపలికి దారి చేసుకుని దిగేవి భూగర్భ గనులు. ఇప్పుడు సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టు గనుల నుంచే వస్తోంది. అయినా భూగర్భ గనుల్లో దిగేవారు ఇంకా వేలల్లో ఉన్నారు.

గని పని ప్రమాదమైన పని. 2003 జూన్‌లో గోదావరిఖని దగ్గర 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు దూసుకొచ్చాయి. 17 మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఎ గనిలో పైకప్పు కూలింది. 10 మంది చనిపోయారు. గని ఎలాంటి చోటో ఈ సంఘటనలు గుర్తు చేస్తాయి. అందుకే అక్కడ పని నేర్చుకోవడం అంటే ప్రాణం కాపాడుకోవడం నేర్చుకోవడమే.

ముందు బడి, తర్వాత బాయి

వెనకటి కాలంలో కొత్తవాడి చేతికి తట్ట, చెమ్మస్ ఇచ్చి బొగ్గు నింపమనేవారు. పక్కవాణ్ణి చూసి నేర్చుకోవాలి. నేర్చుకునే లోపల దెబ్బ తగిలితే అది వాడి తలరాత అనుకునేవారు.

1966లో గని కార్మికుల శిక్షణ కోసం నియమాలు వచ్చాయి. కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వకుండా పనిలో పెట్టకూడదని ఆ నియమాలు చెప్పాయి. అందుకోసం శిక్షణ కేంద్రాలు ఏర్పడ్డాయి. కార్మికులు వాటిని 'వీటీసీ' అంటారు.

వీటీసీలో కొన్ని వారాలు నేర్పుతారు. కొంత గదిలో కూర్చోబెట్టి చెబుతారు. కొంత గనిలో చూపించి చెబుతారు. దీపం ఎలా పట్టుకోవాలి, ఎటు నడవాలి, ఏది ముట్టుకోకూడదు, దెబ్బ తగిలినవాణ్ణి ఎలా మోయాలి, ఇవన్నీ చెబుతారు.

వీటీసీ మంచి బడి. కానీ అక్కడితో చదువు అయిపోదు. ఈత గురించి గట్టు మీద ఎంత విన్నా, నీళ్లలో దిగితేనే గదా ఈత వచ్చేది. అసలు చదువు బాయిలో మొదలవుతుంది. అక్కడ పాత కార్మికులే పంతుళ్లు.

దిగకముందు చేసే పనులు

మన కుర్రవాడు ముందుగా హాజరు వేయించుకున్నాడు. ఒక రోజు హాజరును 'మస్టరు' అంటారు. తర్వాత లాంప్ రూముకు పోయాడు. టోపీకి పెట్టుకునే దీపం అక్కడ ఇస్తారు. ప్రతి దీపానికి ఒక నంబరు ఉంటుంది.

"నంబరు ఎందుకన్నా?" అని కుర్రవాడు అడిగాడు.

"షిఫ్టు అయినంక నీ దీపం ఇక్కడికి రావాలె. రాలేదనుకో, నువ్వింకా లోపలనే ఉన్నవని తెలుస్తది. నిన్ను వెతుక్కుంట వస్తరు" అన్నాడు పెద్దాయన.

అప్పటిదాకా ఆ నంబరు లెక్క కోసమే అనుకున్నాడు కుర్రవాడు. అది తన ప్రాణానికి కట్టిన తాడు అని ఇప్పుడు తెలిసింది. బయటికి వచ్చాక దీపం అప్పజెప్పకుండా ఇంటికి పోకూడదని కూడా తెలిసింది. అలా పోతే ఏమవుతుంది? లేని మనిషి కోసం నలుగురు లోపల వెతకాల్సి వస్తుంది.

నడుముకు ఒక చిన్న పెట్టె కట్టుకోమన్నారు. దాని పేరు సెల్ఫ్ రెస్క్యూయర్. గనిలో మంట లేచి విషవాయువు కమ్మితే, దాన్ని నోటికి పెట్టుకుని బయటపడాలి. అది బరువుగా ఉంటుంది. విప్పి పక్కన పెట్టాలనిపిస్తుంది. పెట్టకూడదు. ఆపద ముందు చెప్పి రాదు.

దిగే ముందు జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోను ఏదీ లోపలికి పోకూడదు. ఇది కొత్తవాళ్లను అవమానించడం కాదు. ముప్పై ఏళ్ల నుంచి పనిచేస్తున్నవారి జేబులూ చూస్తారు. ఒక్కడి జేబులోని అగ్గిపుల్ల లోపలున్న అందరినీ కాల్చగలదు.

చాలా గనుల ముందు మైసమ్మ గుడి ఉంటుంది. దండం పెట్టేవారు పెడతారు. కానీ పెద్దాయన ఒక మాట చెప్పాడు. "మైసమ్మకు మొక్కు. మొక్కి, టోపీ పట్టీ బిగించుకో. రెండూ చెయ్యాలె."

గాలి చెప్పే పాఠం

బాయిలో గాలి దానంతట అది రాదు. పైన పెద్ద ఫ్యాను తిరుగుతుంది. మంచి గాలి ఒక దారిన లోపలికి వస్తుంది. బొగ్గు కొట్టే చోట్లన్నీ తిరుగుతుంది. చెడ్డ గాలి ఇంకో దారిన బయటికి పోతుంది. గాలి దారి తప్పకుండా లోపల తలుపులు పెడతారు. కొన్ని చోట్ల గుడ్డ తెరలు కడతారు.

కుర్రవాడు ఒక తలుపు దాటి, దాన్ని తెరిచే వదిలేశాడు. మంచి గాలి బాగా వస్తుందిలే అనుకున్నాడు. పెద్దాయన వెనక్కి పోయి మూశాడు.

"తలుపు తెరిస్తే గాలి దగ్గరి తొవ్వ పడతది. ఆ చివర పని చేసేటోళ్లకు గాలి అందది. నీకు చల్లగుంటది. వాళ్లకు ఊపిరాడది."

బాయిలో మీథేన్ అనే గ్యాసు బొగ్గు నుంచి వస్తూ ఉంటుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. అది గాలికంటే తేలిక. అందువల్ల పైకప్పు కింద చేరుతుంది. గాలిలో ఈ గ్యాసు నూటికి 5 నుంచి 15 పాళ్లు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

కంటికి కనపడని దాన్ని ఎలా కనిపెట్టాలి? సర్దార్ చేతిలో ఒక దీపం ఉంటుంది. అతను దాని మంటను చిన్నది చేసి మెల్లగా పైకప్పు వైపు ఎత్తుతాడు. గ్యాసు ఉంటే మంట మీద లేత నీలం రంగు టోపీ లాగా కనపడుతుంది. ఇప్పుడు గ్యాసు కొలిచే యంత్రాలు కూడా వాడుతున్నారు.

సర్దార్ అంటే కూలీలను అదిలించే మనిషి అని కుర్రవాడు అనుకున్నాడు. కాదు. సర్దార్ పరీక్ష పాసై పత్రం పొందాలి. గ్యాసు చూడటం తెలియాలి. దెబ్బ తగిలినవాడికి మొదటి చికిత్స చేయడం తెలియాలి. పని మొదలుకాక ముందే పని చోట్లు తనిఖీ చేయడం అతని బాధ్యత. అతని మీద ఓవర్‌మెన్ ఉంటాడు. ఆ పైన అండర్ మేనేజరు, మేనేజరు ఉంటారు.

తనిఖీ చేసిన చోట సర్దార్ తేదీ వేసి సంతకం పెడతాడు. ఆ తేదీ ఇవాళ్టిదా, నిన్నటిదా? చదవడం వచ్చినవాడు చూడగానే చెబుతాడు. చదవడం రానివాడు పక్కవాణ్ణి నమ్మాలి. అక్షరం తెలియడం ఎంత మేలో ఇలాంటి చోట తెలుస్తుంది.

నడిచే దారి పొడుగునా తెల్లటి పొడి చల్లి ఉంది. సున్నం వేశారేమో అనుకున్నాడు కుర్రవాడు. అది రాతి పొడి. బొగ్గు పొడి గాలిలోకి లేచి అంటుకుంటే మంట బాయి అంతా పాకుతుంది. బొగ్గు పొడిలో రాతి పొడి కలిసి ఉంటే మంట అణిగిపోతుంది. ఆ తెలుపు అందం కోసం కాదు, ప్రాణం కోసం.

పైకప్పు మాట్లాడుతుంది

బాయిలో తల మీద ఉండేది బండ. బొగ్గు తీసేకొద్దీ కింద ఖాళీ పెరుగుతుంది. బండ కిందికి దిగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి దుంగలు నిలబెడతారు. బండకు రంధ్రాలు చేసి ఇనుప కడ్డీలు బిగిస్తారు. వాటిని రూఫ్ బోల్టులు అంటారు. ఈ కట్టుదిట్టాన్ని 'సపోర్టు' అంటారు. సపోర్టు లేని కప్పు కిందికి ఎవరూ పోకూడదు. ఒక్క నిమిషానికి కూడా పోకూడదు.

బండ గట్టిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పెద్దాయన కర్రతో పైన కొట్టి చూపించాడు. ఒక చోట ఖంగున మోగింది. ఇంకో చోట బోలు డప్పు లాగా మోగింది.

"ఖంగుమంటే గట్టిది. డబ్బుమంటే పగిలింది. రెండో చెయ్యి బండ మీద ఆనించు. కొట్టినప్పుడు అదురుతుందా చూడు. అదిరిందంటే ఊడి ఉన్నట్టే."

కుర్రవాడు కొట్టాడు. అతనికి రెండూ ఒకేలా వినపడ్డాయి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడు. కానీ చెప్పాడు. "అన్నా, నాకు తేడా తెలుస్తలేదు."

పెద్దాయన కోప్పడలేదు. "తెలియలేదని చెప్పినవు. అది మంచిది. తెలిసిందని తల ఊపేటోడితోనే భయం. పది రోజులు కొట్టు. చెవికి అలవాటైతది."

పాత కార్మికులకు దుంగలంటే ఇష్టం. బరువు పడితే దుంగ చిటచిటమంటుంది. పారిపొమ్మని ముందే చెబుతుంది. కానీ ఆ చప్పుడు ఏమిటో తెలిసినవాడికే ఆ హెచ్చరిక. తెలియనివాడికి అది ఉత్త చప్పుడు.

కొత్త మాటలు

బాయిలో తూర్పు, పడమర ఉండవు. సూర్యుడు లేడు గదా. 'డిప్' అంటే దిగువ. 'రైజ్' అంటే ఎగువ. 'లెవెల్' అంటే సమంగా పోయే దారి. ఫలానా లెవెల్, ఫలానా డిప్ అంటే అదే అక్కడి చిరునామా. ఈ మాటలు రానివాడు దారి తప్పుతాడు.

దారి తప్పితే ఏం చేయాలి? తోచిన దిక్కుకు పరుగెత్తకూడదు. ఎక్కడివాడు అక్కడ ఆగాలి. కేక వేయాలి. గాలిని గమనించాలి. ఎదురుగా తాజాగా, చల్లగా గాలి వస్తుంటే అది బయటి గాలి వచ్చే దారి. కర్రలు అడ్డంగా కట్టిన చోటికి మాత్రం పోకూడదు. అది పాడుబడిన చోటని, పోవద్దని గుర్తు.

బొగ్గు టబ్బులను ఇనుప తాడు లాగే దారి ఒకటి ఉంటుంది. తాడు నడుస్తున్నప్పుడు ఆ దారిలో నడవకూడదు. ఆ దారి పక్కన గోడలో మనిషి పట్టేంత గూళ్లు ఉంటాయి. టబ్బులు వస్తే అందులో నిలబడాలి. గంటలతో సైగలు చేస్తారు. తాడు నడుస్తున్నప్పుడు ఒక గంట కొడితే ఆపమని అర్థం. ఈ గంటల భాష కూడా నేర్చుకోవాలి.

ఓపెన్‌కాస్టులో ఇంకో భాష ఉంటుంది. అక్కడ డంపర్లు ఇల్లంత ఉంటాయి. డ్రైవరు ఎత్తున కూర్చుంటాడు. బండికి మరీ దగ్గరగా ఉన్న మనిషి అతనికి కనపడడు. "నాకు బండి కనపడుతోంది, డ్రైవరుకు నేను కనపడనా?" అనుకోవడం పెద్ద పొరపాటు. బాంబులు పేల్చే ముందు సైరన్ మోగిస్తారు. అప్పుడు చెప్పిన చోటికి పోవాలి. మళ్లీ చెప్పేదాకా కదలకూడదు.

వరుసలు, సద్ది, ఎగతాళి

పని ఒక్కటే నేర్చుకుంటే చాలదు. మనుషులతో మెలగడం కూడా నేర్చుకోవాలి.

బాయిలో పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవరు. అన్నా అంటారు, మామా అంటారు. చిన్నవాణ్ణి తమ్మీ అంటారు. ఆఫీసులో సార్ ఉంటాడు. పని చోట వరుస ఉంటుంది. ఈ వరుసలు ఉత్త మర్యాద కాదు. 'మామా' అని పిలిచినవాణ్ణి చీకట్లో వదిలి పోవడం ఎవరికైనా కష్టమే.

సద్ది తినేటప్పుడు అందరూ ఒక చోట కూర్చుంటారు. ఒకరి కూర ఇంకొకరి గిన్నెలోకి పోతుంది. మొదటి రోజు కుర్రవాడు దూరంగా కూర్చున్నాడు. "ఇటు రారాదు తమ్మీ" అని పిలిచారు. ఆ పిలుపుతో అతనికి సగం భయం తీరింది. సద్ది దగ్గర ఊరి మాటలు వస్తాయి. పాత ప్రమాదాల మాటలూ వస్తాయి. ఫలానా చోట ఎవరికి, ఎట్లా దెబ్బ తగిలిందో చెబుతారు. వినేవాడికి అవన్నీ పాఠాలే. గని ముందు జరిగే గేట్ మీటింగుల్లో కార్మికుల హక్కుల మాటలు వినపడతాయి.

కొత్తవాణ్ణి ఆటపట్టిస్తారు కూడా. లేని వస్తువు తెమ్మని పంపుతారు. అతను వెతికి వెతికి వస్తే నవ్వుతారు. ఇది కొంతవరకు సరదా. కానీ దానికి ఒక హద్దు ఉండాలి. కొత్తవాణ్ణి చీకట్లో ఒంటరిగా వదిలి భయపెట్టడం సరదా కాదు. ఒకసారి నవ్వులపాలైనవాడు మళ్లీ ఏదీ అడగడు. అడగనివాడికి తెలియదు. తెలియనివాడు తానూ దెబ్బ తింటాడు, పక్కవాణ్ణీ దెబ్బ తీస్తాడు.

మస్టరు భయం

కొత్తవాడు మౌనంగా ఉండటానికి ఇంకో కారణం ఉంది.

సింగరేణిలో కొత్తవాణ్ణి చాలాకాలంగా ముందు బదిలీ వర్కరుగా తీసుకుంటూ వచ్చారు. ఏడాదిలో భూగర్భంలో 190 మస్టర్లు, పైన అయితే 240 మస్టర్లు నిండాలి. అప్పుడు జనరల్ మజ్దూరుగా ఖాయం చేసే పద్ధతి నడిచింది.

అందువల్ల కొత్తవాడికి ప్రతి మస్టరూ బంగారమే. జ్వరం వచ్చినా దిగుతాడు. కాలు బెణికినా చెప్పడు. సపోర్టు సరిగా లేని చోట పని చేయమంటే కాదనడు. "ఎదురు చెప్తే పని పోతదేమో" అని భయం. ఇంటి దగ్గర తల్లి ఉంటుంది, చెల్లెలి పెండ్లి అప్పు ఉంటుంది. నోరు ఎలా లేస్తుంది?

ఈ భయం నిజమైనది. దీన్ని తీసిపారేయడానికి లేదు. కానీ లెక్క వేసి చూడాలి. ఒక మస్టరు పోతే ఒక రోజు కూలి పోతుంది. చెయ్యి పోతే బతుకంతా పోతుంది. దెబ్బ తగిలిన రోజే చెప్పి, రాయించుకోవాలి. రాయించని దెబ్బ తర్వాత దెబ్బ కాకుండా పోతుంది. పరిహారం అడిగితే "ఎప్పుడు తగిలింది? ఎక్కడ రాసి ఉంది?" అని అడుగుతారు.

ఒంటరిగా చెప్పలేకపోతే పాత కార్మికుణ్ణి తోడు తీసుకోవాలి. సర్దార్‌కు చెప్పాలి. అతను వినకపోతే ఓవర్‌మెన్‌కు చెప్పాలి. యూనియన్ ప్రతినిధికి చెప్పాలి. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. చెప్పకపోతే ఆపద ఉందని పైవాళ్లకు ఎలా తెలుస్తుంది?

"అందరూ చేసేదే గదా"

పని చోట రెండు రకాల అలవాట్లు ఉంటాయి. కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి. కొత్తవాడు రెండింటినీ ఒకే చోట చూస్తాడు. రెండూ పెద్దవాళ్లే చేస్తుంటారు.

కప్పు కొట్టి చూడటం మంచి అలవాటు. తలుపు మూయడం మంచి అలవాటు. సద్ది పంచుకోవడం మంచి అలవాటు.

నడవడానికి బద్ధకించి టబ్బు ఎక్కి పోవడం చెడ్డ అలవాటు. "రెండు నిమిషాల పనే గదా" అని సపోర్టు లేని చోటికి పోవడం చెడ్డ అలవాటు. మూలకు పోయి నిద్రపోవడం చెడ్డ అలవాటు. తాగి పనికి రావడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

ఒకరోజు తోటివాళ్లు నడిచే టబ్బు ఎక్కారు. "ఎక్కరా, ఏం కాదు. అందరం ఎక్కేదే" అని కుర్రవాణ్ణి పిలిచారు. ఎక్కకపోతే పిరికివాడంటారు. ఎక్కితే నియమం తప్పినట్టు. అతను ఒక్క క్షణం ఆగాడు. "నేను నడిచొస్తనన్నా" అన్నాడు. వాళ్లు నవ్వారు. అతను నడిచాడు. రెండు రోజుల తర్వాత ఇంకొకతను కూడా అతనితో పాటు నడిచాడు.

నలుగురితో కలిసిపోవడం అంటే నలుగురు చేసే తప్పు కూడా చేయడం కాదు. కొత్తవాడి కళ్లకు ఒక గుణం ఉంది. పాతవాళ్లకు అలవాటైపోయి కనపడని తప్పు కొత్తవాడికి కనపడుతుంది. అతను "ఇది ఎందుకిట్లా?" అని అడిగితే పాతవాళ్లూ ఒకసారి ఆలోచిస్తారు.

ఆడవాళ్లు చేరినప్పుడు

భర్త చనిపోయి భార్య ఉద్యోగంలో చేరితే ఆమె కష్టం ఇంకా ఎక్కువ. ఒక పక్క దుఃఖం. ఇంకో పక్క అంతా మగవాళ్లున్న చోటు. 1952 నాటి గనుల చట్టం ప్రకారం ఆడవాళ్లు భూమి లోపల పనిచేయడానికి వీలు లేకుండేది. పైన ఆఫీసుల్లో, వర్క్‌షాపుల్లో, స్టోర్లలో పనిచేసేవారు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఈ కట్టు కొంత సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ పనుల కోసం ఆడవాళ్లు తమ సమ్మతితో పగటిపూట భూగర్భంలోకి దిగడానికి వీలు కల్పించింది.

కొత్తగా చేరిన ఆమెకు మొదట కావలసినవి చిన్న విషయాలే. మరుగుదొడ్డి ఎక్కడుంది? బట్టలు మార్చుకునే గది ఏది? ఎవరిని అడగాలి? వీటిని మగవాళ్లను అడగలేక రోజంతా నీళ్లు తాగకుండా ఉండేవారున్నారు. ముందే ఉన్న ఇంకో ఆడమనిషి "అక్కా, రా చూపిస్త" అంటే ఎంతో ధైర్యం.

ఎవరైనా వెకిలి మాటలు అంటే భరించాల్సిన పని లేదు. 2013లో దీనికి చట్టం వచ్చింది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండాలని ఆ చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన మొదటి వారంలోనే తెలుసుకోవాలి.

పాతవాళ్ల పని

కొత్తవాడు నేర్చుకోవాలి. నిజమే. మరి పాతవాళ్లు ఏం చేయాలి?

మొదటి రోజు పేరు అడగాలి. పక్కన నడవాలి. "ఇట్లా చెయ్యి" అని ఊరుకోకుండా "ఎందుకంటే" అని కూడా చెప్పాలి. కారణం తెలిసిన పని మనిషి మరిచిపోడు. ఒకసారి చెబితే సరిపోదు. చేయించి చూడాలి. తప్పు చేస్తే నలుగురిలో తిట్టకూడదు. పక్కకు పిలిచి చెప్పాలి. ఏది అడిగినా నవ్వకూడదు.

ఇది కొత్తవాడికి చేసే దయ కాదు. బాయిలో అందరి గాలీ ఒక్కటే. అందరి కప్పూ ఒక్కటే. కొత్తవాడు నేర్చుకుంటే పాతవాడి ప్రాణానికీ రక్ష.

మళ్లీ సైరన్ మోగింది

కొన్ని నెలలు గడిచాయి. కుర్రవాడి బూట్లు నల్లబడ్డాయి. టోపీ మీద గీతలు పడ్డాయి. ఇప్పుడు కర్రతో కొడితే ఖంగుమనేది ఏదో, డబ్బుమనేది ఏదో అతని చెవికి తెలుస్తుంది. తలుపు దాటితే చెయ్యి దానంతట అదే మూస్తుంది.

ఒక పొద్దున షిఫ్టుకు పోతున్నాడు. పక్కన ఒకతను నడుస్తున్నాడు. అతని బూట్లు కొత్తవి. మాటిమాటికీ టోపీ సర్దుకుంటున్నాడు.

"ఏం తమ్మీ, కొత్తనా?" అని అడిగాడు.

"అవునన్నా."

"భయమైతుందా?"

"లేదన్నా."

అతను నవ్వాడు. "నేను గూడ గట్లనే చెప్పిన. రా, లాంప్ రూము చూపిస్త."

ఆలోచించండి, చర్చించండి

1. మీరు కొత్త పనిలో చేరిన మొదటి రోజు ఏం జరిగింది? మీకు ఎవరు సాయం చేశారు?

2. తెలియని విషయం అడగడానికి ఎందుకు సిగ్గుపడతాం? ఆ సిగ్గు పోవాలంటే ఏం చేయాలి?

3. మీ పని చోట ఉన్న మంచి అలవాట్లు ఏవి? చెడ్డ అలవాట్లు ఏవి?

4. పని పోతుందనే భయంతో దెబ్బను దాచుకుంటే ఏం నష్టం?

5. మీ పని చోట కొత్తగా ఒకరు చేరితే మొదటి రోజు వారికి చెప్పవలసిన ఐదు విషయాలు మీ పలక మీదో, పుస్తకంలోనో రాయండి.